పెద్దమ్మా, నర్సుల కప్పూ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు తెలియని నంబరు నుంచి వచ్చింది. పోర్ట్ క్లాంగ్ రేవులో మా గిడ్డంగి ఆఫీసులో ఉన్నాను, పొద్దుటి లారీలు లోపలికి వస్తున్న వేళ. ఒకావిడ మలయ్‌లో మాట్లాడుతూ, మీరు ఫలానా ఆమెకు బంధువులేనా అని అడిగింది. నేను అవుననలేదు. మీరెవరు, ఏ వార్డు నుంచి, ఆమె మంచం ఎక్కడుంది అని ఎదురు ప్రశ్నలు వేశాను. ఫోన్లో ఎవరేమి చెప్పినా ముందు వాళ్ళను అడగాలి అన్నది పెద్దమ్మ నాకు నేర్పిన పద్ధతి. ఆవిడ విసుక్కోలేదు. "కిటికీ పక్క మంచం. నిన్న మందు ఇవ్వబోతే ఆ సీసా మీద ఏం రాసుందో నా చేత పైకి చదివించారు" అంది. అప్పుడు నమ్మాను. ఆ పని చేసే మనిషి ఆ ఆస్పత్రిలో ఇంకొకరు ఉండరు.

క్లాంగ్‌లో మన తెలుగువాళ్ళు చాలామందికి ఆమె తెలుసు. ప్రసవాల వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసింది. మీలో కొందరిని మొదట ఎత్తుకున్న చేతులు ఆమెవే అయి ఉంటాయి. అయితే ఆమెను తలుచుకోగానే మీకు గుర్తొచ్చేది ఆ చేతులు కాదు, ఆ చూపు. ఎదుటి మనిషి చెబుతున్నది ఎంతవరకు నిజమో తూచే చూపు. మార్కెట్లో చేప మొప్పలు ఎత్తి చూసి ఊరుకునేది కాదు. తను ఎంచుకున్న చేపే సంచిలో పడుతోందా లేదా అని చివరిదాకా చూసేది. బస్సు మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసున్నా, ఎక్కే ముందు డ్రైవర్ని అడిగేది. గుడిలో ప్రసాదం చేతిలో పెడితే ఎప్పుడు వండారని అడిగేది. నా పెళ్ళి సంబంధం కుదిరినప్పుడు మా ఆయన పనిచేస్తున్నానన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక సాయంత్రం నిలబడి, అతను నిజంగా లోపలి నుంచే వస్తున్నాడా అని చూసి వచ్చింది. వచ్చాడు. "ఆడే" అని మా అమ్మకు చెప్పింది. ఆ తర్వాత ఆయన్ని కొడుకులా చూసుకుంది.

ఇలా ఎందుకు అడుగుతావు, వాళ్ళు నొచ్చుకోరా అంటే, "అడిగితే ఏటి పోతాది లా? నిజమయితే సెప్తాడు" అనేది, మలేసియాలో అందరిలాగే మాట చివర ఓ "లా" తగిలించి.

ఆమె పుట్టింది సుంగై సుమున్ దగ్గర ఎస్టేటులో. మా ముత్తాతలు విజయనగరం వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ళు. ఎస్టేటు పిల్లల్లో ఆమె ఒక్కతే పై క్లాసులు గట్టెక్కింది. బ్రిటన్‌లో నర్సు చదువుకు మలేసియా ఆడపిల్లల్ని తీసుకుంటున్న రోజులవి. ఆమెకు స్కాట్లాండ్ తూర్పు తీరంలో, చేపల పడవలు ఆగే ఒక చిన్న రేవు ఊళ్ళో సీటు వచ్చింది. మా అమ్మమ్మ రోజుల తరబడి ఒప్పుకోలేదట. మన ముసలోళ్ళకి కూడా ఇలాగే తియ్యటి మాటలు సెప్పి ఓడ ఎక్కించినారు, తిరిగి ఎవరెళ్ళినారు అని ఆమె వాదన. ఇంట్లో అనుమానం పెద్దమ్మతో మొదలవలేదు. మాకది తాతల నాటి ఆస్తి.

ఆమె తిరిగి వచ్చింది. క్లాంగ్‌లో ఉద్యోగం దొరికింది. పెళ్ళి చేసుకోలేదు. అక్కడి సంగతులు అడిగితే చలి గురించి చెప్పేది, ఉడికించిన బంగాళాదుంపల గురించి చెప్పేది, చర్చి హాల్లో తను బాస్కెట్‌బాల్ ఆడేదాన్నని ఒక ముక్క చెప్పి లేచిపోయేది. చుట్టాలు నమ్మలేదు. అక్కడెవడో తెల్లవాడు ఉండి ఉంటాడని, అందుకే పెళ్ళి వద్దంటోందని, బంతాట అనేది దాని మీద కప్పిన దుప్పటి అని అనుకునేవారు. "ఆ బంతాట ఎవరు సూసినారు?" అని మా అమ్మే అనేది, సొంత చెల్లెలై ఉండి. నేనూ పూర్తిగా నమ్మలేదు. నా బడి ఆటల రోజున ఒక బంతి దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆడినవాళ్ళు ఎవరైనా వంగి తీస్తారు. ఆమె పక్కకు జరిగింది.

రెండేళ్ళ కిందట ఆమె పుట్టినరోజు ఫోటో ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టి, ఆ స్కాట్లాండ్ ఊరి పేరు కూడా రాశాను. కొన్ని వారాలకు ఒక తెల్లాయన నుంచి మెసేజ్ వచ్చింది. తాను ఆ ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్బు కార్యదర్శినని, క్లబ్బు చరిత్ర రాస్తున్నానని చెప్పాడు. యుద్ధకాలంలో అక్కడ దిగిన అమెరికా సైనికుల దగ్గర ఆట నేర్చుకున్న కుర్రాళ్ళు, రేవు కూలీలు, బడిపిల్లలు కలిసి మొదలుపెట్టిన క్లబ్బట అది. అందులో ఆడవాళ్ళ జట్టు ఎలా పుట్టిందో సరిగా తెలియడం లేదు, ఆస్పత్రిలో మలేసియా నర్సులు కొందరు ఆడేవారని ముసలివాళ్ళు అంటున్నారు, మీ పెద్దమ్మతో మాట్లాడవచ్చా అని అడిగాడు.

నేను సంబరంగా ఫోను తీసుకెళ్ళి చూపించాను. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఫోను నా చేతిలో పెట్టేసింది.

"తిపు ఇది. ఇయ్యాళ బంతి అంటాడు, రేపు బ్యాంకు అంటాడు."

మోసం అనడానికి ఆమె ఎప్పుడూ ఆ మలయ్ మాటే వాడేది. నేను అతని క్లబ్బు పేజీ చూపించాను. ఫోటోలు ఎవడైనా పెడతాడంది. హాల్లో రింగు వెనకాల ఏముండేదో అడగమంది. ఇనుప వల బిగించిన గోడగడియారం అని అతను వెంటనే రాశాడు. అది పాత ఫోటోలో చూసి చెప్పొచ్చంది. ఇంకేం అడగమంటావు అన్నాను. కాస్త ఆలోచించి, హాలు తాళాలు పెట్టుకునే ముసలాయనకు ఒక కుక్క ఉండేది, దాని పేరేమిటో చెప్పమను అంది.

అతని దగ్గర నుంచి చాలా రోజులు జవాబు లేదు. "సూసినావా" అంది పెద్దమ్మ. తర్వాత ఒక పెద్ద మెసేజ్ వచ్చింది. ఊళ్ళో బతికున్న పాత ఆటగాళ్ళందరినీ కలిశానని, ఆ తాళాల ఆయన అందరికీ గుర్తున్నాడని, కుక్క మాత్రం ఒక్కరికీ గుర్తు లేదని, పేరు కనుక్కోలేకపోయినందుకు మన్నించమని రాశాడు.

పెద్దమ్మ ముఖం మారింది. "కుక్క నేదు" అంది. "ఆ తాళాల ముసిలోడికి కుక్కంటే బయం. ఈడు దొంగయితే ఏదో ఒక పేరు సెప్పీసును. మాటాడతానని సెప్పు."

అలా మొదలైంది. మాకు సాయంత్రం, వాళ్ళకు పొద్దున. నేను ఫోను పట్టుకుని కూర్చునేదాన్ని, ఆమె ఇంగ్లీషులో మాట్లాడేది. అప్పటిదాకా నేనెన్నడూ వినని సంగతులు బయటికి వచ్చాయి. ఆటను అక్కడి ఆడపిల్లలకు తెచ్చింది స్కాట్లాండ్‌వాళ్ళు కాదు. ఇక్కడి ఈపో నుంచి వెళ్ళిన చైనా పిల్ల ఒకామె, చైనా బడిలో చదివినది, చిన్నప్పటి నుంచి ఆడినది. హాస్టల్లో పెద్దమ్మది, ఆమెది పక్కపక్క మంచాలు. ఆస్పత్రి వెనక గోడకు గీత గీసి, మొదట బంతిని గుండె దగ్గర పట్టుకుని రెండు చేతులతో ఆ గీతకు తోయడం నేర్పిందట. ఊరి పిల్లలు కొందరు చేరారు. మగవాళ్ళ క్లబ్బు ఆడుకునే చర్చి హాలు కావాలని అడిగితే వద్దన్నారు. నేల పాడవుతుందన్నారు, బంతులు పోతాయన్నారు. వీళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగారు. చివరికి ఎవరూ రాని ఒక వేళ ఇచ్చి, తాళాల ముసలాయన్ని కాపలా పెట్టారు. ఆయన ఆడినంతసేపూ తలుపు దగ్గర నిలబడి వీళ్ళ సంచుల వైపే చూసేవాడు. వెళ్ళేటప్పుడు బంతి తీసుకుని గాలి నొక్కి చూసుకునేవాడు. పెద్దమ్మకు ఆయన నచ్చాడు. "నాలాటోడే" అంది నాతో. తర్వాత తర్వాత వీళ్ళు వచ్చేసరికి పొయ్యి వెలిగించి హాలు వెచ్చగా ఉంచేవాడట.

ఆ జట్టు ఒక పోటీలో గెలిచి చిన్న వెండికప్పు తెచ్చుకుంది. కప్పు మాట వచ్చినప్పుడల్లా కార్యదర్శి తటపటాయించడం నేను గమనించలేదు, పెద్దమ్మ గమనించింది. ఈడు ఏదో దాస్తన్నాడు, అసలు కావలసింది ఇంకోటుంది అంది. మర్నాడు ఫోను కలవగానే సూటిగా అడిగేసింది. అప్పుడతను చెప్పాడు. నర్సులు చదువు ముగించి వెళ్ళబోయే నెలలోనే కప్పు హాల్లోంచి మాయమైందట. విదేశీ నర్సులే పట్టుకుపోయారని క్లబ్బులో ఇప్పటికీ చెప్పుకుంటారట. దాన్ని చరిత్రలో రాయడానికి తనకు మనసొప్పలేదు, రాయకుండా ఉండటానికి ఆధారం లేదు అన్నాడు.

నేను ఫోను పట్టుకుని ఉన్నాను. నా కళ్ళు ఆమె మంచం కింద ఉన్న పాత రేకు పెట్టె వైపు పోయాయి. ఒక్క క్షణమే. పెద్దమ్మ చూసింది. ఫోను పెట్టేయమంది.

"తీసి సూడు."

"వద్దు పెద్దమ్మా, నేనేమీ అనుకోలేదు."

"అనుకున్నావు. తప్పు నేదు. తియ్యకపోతే ఆ అనుమానం నీకు పోదు. నేను పోయినాక కూడా ఉంటాది. తియ్యి."

తీశాను. ఒక ఉన్ని దుప్పటి, నర్సు టోపీ, నీలం అంచు కాన్వాసు బూట్లు ఉన్నాయి. అంతే. బూట్ల అడుగు అరిగిపోయి నున్నగా ఉంది. ఆమె ఆ బూట్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు చెప్పింది.

కప్పు పోయిందని తెలిసిన రోజున హాస్టల్ పెద్ద నర్సు వీళ్ళను నడవాలో నిలబెట్టింది. మొదట పెద్దమ్మ పెట్టె. అమ్మమ్మ మడతపెట్టి పంపిన చీరలు ఒక్కొక్కటే విప్పి నేల మీద పడేశారు. ఊరి పిల్లలు, వంటవాళ్ళు, అందరూ చూస్తున్నారు. ఏమీ దొరకలేదు. తర్వాత ఈపో ఆమె పెట్టె. పెద్దమ్మ అడ్డంగా నిలబడి, ముందు మీ గది తెరవండి, హాలు తాళం చెవులు మీ దగ్గరా ఉన్నాయి కదా అంది. పెద్ద నర్సు ముఖం ఎర్రబడింది. ఈ పిల్లకు సర్టిఫికెట్ ఇవ్వనని అరిచింది, పై డాక్టరు దాకా వెళ్ళింది, అంత గొడవలో రెండో పెట్టె సంగతి మరిచిపోయారు. సర్టిఫికెట్ ఎలాగో వచ్చింది. హాలుకు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. బంతి ముట్టుకోలేదు.

అదంతా విన్నాక ఆమె అనుమానపు గుణం అక్కడే పుట్టిందని రాస్తే బాగుంటుంది. అది నిజం కాదు. ఎస్టేటు కొట్టులో బియ్యం తూకాన్ని ఆరేడేళ్ళప్పుడే నిలదీసేదని మా అమ్మ చెప్పేది.

కార్యదర్శికి ఆమె ఒక్కటే చెప్పింది. తాళాల ముసలాయన పిల్లల్ని అడగమంది. ఆయన హాల్లో ఏదీ వదిలి నిద్రపోయే మనిషి కాదంది. అతను సరేనన్నాడు గాని గొంతులో నమ్మకం లేదు. నాకూ లేదు. చచ్చిపోయిన మనిషి మీదికి తోసేస్తోందేమో అనిపించింది.

కొన్ని వారాల తర్వాత అతను వీడియో కాల్ చేశాడు. పక్కన ఒక ముసలావిడ కూర్చుని ఉంది. తాళాల ఆయన కూతురు. ఆవిడ ఒళ్ళో బట్టలకు పెట్టే క్లిప్పులతో నిండిన ఒక నల్లబడ్డ గిన్నె ఉంది. క్లిప్పులు బల్ల మీద పోసి దాన్ని కెమెరా ముందు పెట్టింది. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. తిప్పమంది. ఇటు తిప్పమంది. అడుగు చూపించమంది. అడుగున ఒక సొట్ట ఉంది.

"గెలిచిన రోజు మెట్ల మీద పడేసినాను" అంది నాతో, మెల్లగా. "అదే."

ఆ కూతురు చెప్పిన కథ ఇది. నర్సులు వెళ్ళిపోతున్నారు కదా, కప్పు మీద వాళ్ళ జట్టు పేరు అరగదీయించి మగవాళ్ళ పోటీకి వాడుకుందామని కమిటీవాళ్ళు అనుకోవడం ఆయన విన్నాడు. నర్సులు వచ్చి అడిగితే ఇద్దామని ఇంటికి పట్టుకుపోయాడు. వీళ్ళ పెట్టెలు వెతికారని ఆయనకు తెలిసేసరికి వీళ్ళు ఓడెక్కేశారు. ఉద్యోగం పోతుందని భయపడి నోరెత్తలేదు. పోయేదాకా ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఆవిడ ఏడుస్తూ క్షమించమంది. పెద్దమ్మ ఆవిడతో మర్యాదగానే మాట్లాడింది, పొయ్యి వెలిగించి ఉంచేవాడని కూడా చెప్పింది. ఫోను అయ్యాక నాతో, "మంచి పనే సేసినాడు. నోరు మాత్రం ఇప్పనేదు" అంది. మెచ్చుకోవడం ఎంతో తప్పుపట్టడం కూడా అంతే.

కప్పు పంపిస్తానని అతను అంటే, పోర్ట్ క్లాంగ్‌లో దిగేలోపు ఏమవుతుందో ఎవరికి తెలుసు, అక్కడే ఉంచండి, ఆడపిల్లలు ఆడి గెలుచుకోనివ్వండి అంది. పోర్ట్ క్లాంగ్‌లో పనిచేసేది నేనే అని గుర్తుచేశాను. తెలుసంది.

ఆ సాయంత్రమే ఈపో ఆంటీకి, హాస్టల్లో ఆ పక్క మంచం ఆమెకి, ఫోను చేయమంది. ఆంటీ మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. చైనా కొత్త సంవత్సరానికి నారింజలు తెచ్చేది, మా దీపావళికి మురుకులు పట్టుకెళ్ళేది. ఇద్దరూ ఆస్పత్రుల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకునేవారు. హాలు సంగతి, కప్పు సంగతి ఎన్నడూ ఎత్తగా నేను వినలేదు. స్పీకర్ పెట్టాను. పెద్దమ్మ కప్పు దొరికిందని, ఎక్కడ దొరికిందో చెప్పింది.

"అయితే నువ్వు తీయలేదా?" అంది ఆంటీ, మలయ్‌లో.

పెద్దమ్మ ఫోను దగ్గరికి లాక్కుంది. "నేనా? నేను నువ్వనుకున్నాను."

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఆ నడవాలో పెద్దమ్మ అడ్డం నిలబడింది కోపంతో కాదు. రెండో పెట్టెలో కప్పు ఉందనుకుని నిలబడింది. ఆ పెట్టె తెరవలేదు గనక ఆమె అనుమానం తీరనేలేదు. ఇన్నేళ్ళ తర్వాత కార్యదర్శిని తాళాల ముసలాయన ఇంటికి పంపింది కూడా, అతని చూపు ఈపో ఆంటీ మీదికి పోకూడదని. అది నిజమవుతుందని ఆమె అనుకోలేదు. అవతల ఆంటీ చెబుతున్నది ఇంకోలా ఉంది. నువ్వంత గొడవ చేస్తుంటే, కప్పు తీసుకొచ్చి నా పెట్టెలోనే దాచావేమోనని హడలిపోయాను, అందరూ వెళ్ళగానే పెట్టె మొత్తం బోర్లించి వెతుక్కున్నాను, దొరక్కపోతే ఇంకెక్కడో దాచావనుకున్నాను అంది. ఒకరినొకరు దొంగ అనుకుంటూనే యాభై ఏళ్ళు నారింజలు, మురుకులు ఇచ్చిపుచ్చుకున్నారు. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. పెద్దమ్మ నవ్వి నవ్వి దగ్గు వచ్చి, నీళ్ళు తెమ్మని నాకు సైగ చేసింది.

కార్యదర్శి రాసిన అధ్యాయం వచ్చింది. నేను తెలుగులో చెబుతుంటే కళ్ళు మూసుకుని వింది. ఆడవాళ్ళకు క్లబ్బు హాలు ఇచ్చింది అన్న చోట ఆపింది. "ఇవ్వనేదు. మేం అడిగి తీసుకున్నాం. మార్సమను." అతను మార్చాడు. పెట్టెలు వెతికిన సంగతి రాయమంటారా, వద్దా అని అతను జంకుతూ అడిగితే, "రాయమను. నా సీరలు నేల మీద పారీసినారని రాయమను" అంది. అదీ రాశాడు. పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆమె ఆస్పత్రిలో ఉంది. కాగితం మంచిదేనా అని పేజీ వేళ్ళతో నలిపి చూసింది, దిండు పక్కన పెట్టుకుంది.

ఆమె బంతాట నిజమేనని మా అమ్మకు చెప్పాను. అమ్మ, మరయితే పెళ్ళెందుకు చేసుకోలేదంటావు అంది. పెద్దమ్మను నేను అడగలేదు. అడిగితే చెప్పేదేమో.

అస్థికలు కలపడానికి క్లాంగ్ రేవు నుంచి పడవ మాట్లాడాము. ఈపో ఆంటీ రైల్లో వచ్చింది, చేతికర్రతో, మనవరాలి భుజం పట్టుకుని. పడవ ఎక్కలేనంది. మేము తిరిగి వచ్చేదాకా జెట్టీ మీద ఎండలో నిలబడే ఉంది. పూజారి ఇచ్చిన బంతిపూలు ఆమె ఒక చేతిలో అలాగే ఉన్నాయి. నీళ్ళలో వేయమన్నాను. ఆమె చేతికర్ర మనవరాలికిచ్చింది. పూలు రెండు చేతులతో గుండెకు దగ్గరగా పట్టుకుని, మోకాళ్ళు కాస్త వంచి, ఎదురుగా ఎవరో నిలబడి అందుకుంటారన్నట్టు ఒక్క తోపుతో ముందుకు వదిలింది. పూలు దూరంగా వెళ్ళి, ఒక కంటైనర్ ఓడ రేపిన అలల మీద చెదిరాయి. ఆమె చేతులు మాత్రం వెంటనే దించలేదు. అరచేతులు బయటికి తిరిగి, వేళ్ళు విచ్చుకుని, అలాగే చాపి ఉంచింది.